శాశ్వతంగా అని రాసిన రోజు

రవాణా శాఖలో ముప్ఫై రెండేళ్లు పనిచేశాను. చివరి తొమ్మిదేళ్లు లైసెన్సు ఇచ్చే అధికారమూ, తీసేసే అధికారమూ నా చేతిలో ఉండేవి. ఇచ్చినవి ఎన్ని వేలో గుర్తు లేదు. జన్మలో మళ్లీ రాకుండా తీసేసినవి మాత్రం నాలుగే. వాటిలో మూడింటి గురించి నాకు ఏ అనుమానమూ లేదు, ఆ మనుషుల ముఖాలు కూడా మర్చిపోయాను. నాలుగోదాని గురించి ఇప్పటికీ, పొద్దున పేపరు చదువుతూనో, కూరగాయలకు పోతూనో, ఉన్నట్టుండి ఆలోచిస్తుంటాను.

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కనబడినప్పుడు, "తాగి రెండు మూడు సార్లు దొరికినవాడికి పర్మనెంటుగా పీకేస్తే పీడా పోతుంది గదా సార్" అంటుంటారు. నేనూ వాళ్ల వయసులో అంతకంటే గట్టిగానే అన్నాను. అందుకని వాదించను. ఈ సంగతి చెప్తాను.

ముందు పద్ధతి రెండు ముక్కల్లో. తాగి బండి నడుపుతూ దొరికితే పోలీసులు కోర్టులో పెడతారు. కోర్టు జరిమానా వేస్తుంది. ఆ తర్వాత లైసెన్సు సంగతి చూడమని మాకు ఉత్తరం వస్తుంది. మేము దాన్ని కొంతకాలం ఆపవచ్చు, లేదా పూర్తిగా రద్దు చేయవచ్చు. రద్దు చేయాలంటే ఆ మనిషి 'అలవాటుగా తాగేవాడు' అని మాకు నమ్మకం కలగాలి. ఏదైనా సరే, ముందు అతన్ని పిలిచి, చెప్పుకునేది వినాలి. ఈ వినడం అనేది చాలా ఆఫీసుల్లో రెండు నిమిషాల తంతు. మా ఆఫీసులోనూ అంతే.

ఆ ఫైలు నా టేబుల్ మీదికి వచ్చేసరికి అందులో మూడు కేసులున్నాయి. మనిషికి నలభై నాలుగేళ్లు. ముత్తుకూరు పక్కన పల్లె. పంతొమ్మిదేళ్లుగా హెవీ లైసెన్సు. చుట్టుపక్కల ఊళ్లలో కాంట్రాక్టు కూలీలను ఎక్కించుకుని థర్మల్ ప్లాంటుకు చేర్చే స్టాఫ్ బస్సు నడుపుతాడు. పంతొమ్మిదేళ్లలో బస్సు మీద ఒక్క యాక్సిడెంటు లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. దొరికిన మూడు సార్లూ తన సొంత మోటార్ సైకిల్ మీదే. శాశ్వతంగా రద్దు చేయమని పోలీసుల సిఫారసు.

నేను సంతకం పెట్టేసేవాడినే. కానీ ఆరోజు కరెంటు పోయి కంప్యూటర్లు ఆగిపోయాయి. చేసే పనేమీ లేక ఫైలు తిరగేస్తూ కూర్చున్నాను. తాగారో లేదో తేల్చడానికి నోటితో ఊదించే మిషన్లోంచి వచ్చిన చీటీలు మూడూ ఫైల్లో గుచ్చి ఉన్నాయి. వంద మిల్లీలీటర్ల రక్తంలో మందు ముప్ఫై మిల్లీగ్రాములు దాటితే కేసు. అతనివి నలభై ఎనిమిది, యాభై ఆరు, యాభై ఒకటి. ఒళ్లు తెలియనంత తాగినవాడి అంకెలు కావవి. నా కన్ను వాటి కింద అచ్చయిన టైము మీద పడింది. ఎనిమిదీ నలభై. ఎనిమిదీ ఇరవై ఐదు. ఎనిమిదీ యాభై. మూడూ పొద్దున పూటే.

అప్పట్లో పోర్టు రోడ్డు మీద తెల్లవారి యాక్సిడెంట్లు ఎక్కువై, పోలీసులు పొద్దున కూడా ఊదించడం మొదలుపెట్టారు. దొరకడం వింత కాదు. పొద్దున ఎనిమిదిన్నరకు తాగి ఉండటమే వింత.

మా సీనియర్ అసిస్టెంటును పిలిచి చూపించాను. ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద. ఫైళ్లు చదివే మనిషి. మా ఆఫీసులో అందరూ ఫైళ్లు పంపేవాళ్లే, చదివేది ఆయనొక్కడే. కళ్లద్దాలు పైకి తోసుకుని చీటీలు చూశాడు.

"పొద్దున్నే తాగేవాడైతే పంతొమ్మిదేళ్లు బస్సు తోలి ఉంటాడా సార్?" అన్నాడు.

"అదే నాకూ అర్థం కావడం లేదు."

ఆయన ఇంకో కాగితం తిప్పి, కొంచెం ఇబ్బందిగా నా ముందుకు జరిపాడు. "రెండోసారి దొరికినప్పుడు మూణ్ణెల్లు ఆపినారు సార్. ఆ ఆర్డరు మనదే."

సంతకం నాది. తేదీ చూస్తే ఏడాదిన్నర కిందటిది. ఆ మనిషిని పిలిచినట్టు, విన్నట్టు, అతను తప్పు ఒప్పుకున్నట్టు అందులో ఉంది. నాకు అతని ముఖం కాదు గదా, అటువంటి రోజొకటి ఉన్నట్టు కూడా గుర్తు రాలేదు. అప్పుడూ ఫైల్లో రెండు చీటీలు ఉండే ఉంటాయి. రెండింటి మీదా టైము ఉండే ఉంటుంది.

ఆ సాయంత్రం తెలిసిన ప్రభుత్వ డాక్టరుకు ఫోన్ చేశాను. విషయం చెప్పగానే ఆయన నవ్వాడు. "ముందురోజు రాత్రిదయ్యా అది. బాగా తాగి పన్నెండింటికి ఆపితే, గంటకు పది పదిహేను చొప్పున దిగుతుంది. నాలుగు గంటలు నిద్రపోయి, స్నానం చేసి, కాఫీ తాగి, తలనొప్పి లేదు కాబట్టి దిగిపోయిందనుకుంటాడు. దిగదు. నిద్రకూ దానికీ సంబంధం లేదు."

నిజం చెప్తున్నాను, ఆ మాట విని నాకు భలే ఉత్సాహం వచ్చింది. చిక్కుముడి విప్పినవాడి సంతోషం. అతను పొద్దున్నే తాగే తాగుబోతు కాదు. తాగి బండెక్కుతున్నానని తెలిసి ఎక్కినవాడూ కాదు. రాత్రి ఇంట్లో తాగి, పొద్దున మామూలుగా పనికి పోయి వస్తూ దొరికాడు. మూడుసార్లు కోర్టుకు పోయాడు, ఒకసారి మా దగ్గరికి వచ్చాడు. ఎంత తాగావని మిషన్ అడిగింది. ఎప్పుడు తాగావని ఒక్కరం కూడా అడగలేదు. ఈసారి నేను అడుగుతాను, ఇంకోసారి మూణ్ణెల్లో ఆర్నెల్లో ఆపి, సంగతి తెలియజెప్పి పంపిస్తాను అనుకున్నాను. మనసులో ఆర్డరు సగం రాసేసుకున్నాను కూడా.

విచారణ శుక్రవారం పెట్టాం. అతను ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక కట్టుకుని నిలబడ్డాడు. ఒంటరిగా రాలేదు. వెంట ఒకామె ఉంది. నలభై ఏళ్లుంటాయి, ప్లాంటు క్యాంటీన్లో పనిచేస్తుంది, రోజూ ఆ బస్సులోనే పోతుంది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"ఏందమ్మా ఇది?"

"మా బస్సులోవాళ్లం రాయించుకున్నాం సార్. ముప్ఫై ఎనిమిది మందిమి. సంతకం రానోళ్లు ఏలిముద్ర ఏసినారు. అన్నని తీసెయ్యొద్దని."

నేను కాగితం తీసుకుని సీనియర్ అసిస్టెంటుకు ఇచ్చాను. ఆయన పక్క గదిలోకి పంపి దాని మీద ముద్ర వేయించి తెప్పించాడు.

"ఎందుకమ్మా అంత నమ్మకం?" అన్నాను, ఆమెను కూర్చోమని.

ఆమె కూర్చోలేదు. "ముందర ఒకాయన తోలేవోడు సార్. మలుపులో కూడా బ్రేకు ఏసేవోడు కాదు. మేము కడ్డీలు పట్టుకోని దేవుడా దేవుడా అనుకుంటా పోయేవోళ్లం. ఈ అన్న వచ్చినాక ఐదేళ్లు, బస్సులో నిద్రపోతుండాం సార్. నాలుగున్నరకి లేచి వంట చేసి వచ్చేదాన్ని, నాకు ఆ ముప్పావు గంటే నిద్ర. చీకట్లో ఆడోళ్లం రోడ్డు మీద నిలబడకుండా ఇంటి ముందరికే వచ్చి హారన్ కొడతాడు. ఇంకెవురు కొడతారు?"

అతను తల వంచుకున్నాడు. నేను ఫైలు తెరిచి, మూడు చీటీలు టేబుల్ మీద వరసగా పెట్టాను.

"ఎప్పుడు తాగుతావు నువ్వు?"

అతను ఆమె వైపు చూసి, మళ్లీ నా వైపు చూశాడు. "రాత్రి సార్. అన్నం తినేముందర. బస్సు తోలే ముందు ఒక్క చుక్క ముట్టుంటే నా పిల్లల మీద ఒట్టు."

"ఎన్నింటికి ఆపుతావు?"

"పదకొండు. ఒక్కోసారి పన్నెండు."

"లేచేది?"

"నాలుక్కి సార్. తలకు నీళ్లు పోసుకోని, కాఫీ తాగి, బండి మీద షెడ్డు కాడికి పోతా. ఆడ బస్సు తీసుకుంటా. వీళ్లని ప్లాంటు కాడ దించి, నైటు షిఫ్టోళ్లని ఊళ్లల్లో దించి, బస్సు షెడ్లో పెట్టి, మళ్లా బండి మీద ఇంటికొస్తా. ఆ వచ్చేటప్పుడే సార్ పట్టుకునేది. మూడు మాట్లూ అంతే. మిషన్ తప్పు చూపిస్తాండాదని ఆడ చెప్పినా. ఎవురూ ఇనలా."

"మిషన్ తప్పు కాదు" అన్నాను. నాకు చెప్పాలని ఒకటే ఆత్రం. డాక్టరు చెప్పినదంతా చెప్పాను. తెల్లకాగితం తీసుకుని, పన్నెండింటికి ఇంత ఉంటే రెండింటికి ఇంత, నాలుగింటికి ఇంత అని గీతలు గీసి చూపించాను. తెలిసి చేయలేదని, అలవాటైన నేరస్తుడితో సమానంగా చూడటం న్యాయం కాదని, నాకు అర్థమైందని చెప్పాను. అతని ముఖం విప్పారింది. మూడేళ్లలో మొదటిసారి ఎవరో తనను నమ్మారు.

క్యాంటీనామె నా కాగితం మీదికి వంగి చూస్తోంది. లెక్కలు వచ్చిన మనిషి. రోజూ ఎన్ని టీలో, ఎన్ని ఇడ్లీలో లెక్కపెట్టే మనిషి.

"సార్" అంది. "ఎనిమిదిన్నరకి యాభై ఉంటే, మమ్మల్ని ఎక్కిచ్చుకునేటప్పుడు ఎంతుంటాది?"

మీరు నమ్ముతారో లేదో, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మూడు రోజులుగా ఆ ఫైలుతో ఉన్నాను. డాక్టరుతో మాట్లాడాను. గీతలు గీశాను. ఎనిమిదిన్నర నుంచి వెనక్కు పన్నెండు దాకా పోయానే గానీ, మధ్యలో బస్సు కూలీలను ఎక్కించుకునే ఐదున్నర అనే గంట ఒకటి ఉందనీ, ఆ గంటకు ముప్ఫై ఎనిమిది మంది బస్సులో కళ్లు మూసుకుని ఉన్నారనీ నాకు కనపడలేదు.

నా కాగితం మీద ఐదున్నర దగ్గర అంకె వేయాల్సిన అవసరం కూడా లేదు. దాదాపు రెట్టింపు. అది ఆమెకు తెలిసిపోయింది. అతనికీ తెలిసిపోయింది. అతను నా వైపు చూడలేదు, ఆమె వైపే చూశాడు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "నిజ్జంగా నాకు తెలీదు."

"నువ్వు లవంగాలు నమిలేది దగ్గుకనుకున్న్యా అన్నా" అంది ఆమె. గొంతులో కోపం లేదు. అదే వినడానికి కష్టంగా ఉంది. తర్వాత మా సీనియర్ అసిస్టెంటు వైపు తిరిగి, "ఆ కాయితం ఇట్లియ్యండి సార్" అని చెయ్యి చాపింది.

ఆయన ముఖం చిన్నబుచ్చుకుని, "ముద్ర పడిందమ్మా. ఇప్పుడది ఫైలుది. వెనక్కివ్వడానికి లేదు" అన్నాడు.

ముప్ఫై రెండేళ్ల ఉద్యోగంలో ఆఫీసు రూలు అంత చెడ్డగా వినపడటం నేను ఎన్నడూ ఎరగను. ఆమె చెయ్యి వెనక్కు తీసుకుని, కొంగు సర్దుకుని, "మిగతావోళ్లకి ఏం చెప్పేది నేను?" అని ఎవరినో అర్థం కాకుండా అడిగి బయటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత అతను నమస్కారం పెట్టి వెళ్లాడు. ఇద్దరూ కలిసి వచ్చారు, విడివిడిగా పోయారు.

మధ్యాహ్నం నమాజుకు పోయొచ్చి, సీనియర్ అసిస్టెంటు నా ఎదురుగా కూర్చున్నాడు. సాధారణంగా నిలబడే మాట్లాడేవాడు.

"ఏం రాస్తారు సార్?"

"రద్దు."

"ఎన్నాళ్లకు?"

"శాశ్వతంగా."

ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "పొద్దున ఆపుదామనుకున్నారు. అప్పటికీ ఇప్పటికీ ఆ మనిషి కొత్తగా చేసిందేమీ లేదు."

"అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలిసింది."

"ఆయనకూ ఇప్పుడే తెలిసింది సార్. తెలిసినాక ఏం చేస్తాడో చూడకుండానే జన్మంతటికీ రాసేస్తే ఎట్లా? ఒక ఐదేళ్లని రాయండి. లేదా బస్సు వరకే ఆపండి, సెక్షన్లో ఉంది. అలవాటుగా తాగేవాడు అనే మాట ఒకసారి రాసినామంటే, రేపు ఆయన మానేసినా ఆ మాట మానదు."

"ముప్ఫై ఎనిమిది మంది" అన్నాను.

"వాళ్ల కోసం బస్సు తీసెయ్యండి. నేను కాదనడం లేదు. ఎల్లకాలానికీ అన్నీ ఎందుకు?"

నా దగ్గర జవాబు ఉంది. అంతకుముందు ఎన్నోసార్లు చూశాను. గడువు పెట్టి ఆపితే, గడువు అయిన మర్నాడు కౌంటరులో కార్డు తీసుకుపోతారు, అంతే. మారాడో లేదో అడిగే మనిషి ఆ కౌంటరులో ఉండడు. అతని మూణ్ణెల్ల గడువు అయినప్పుడు అడగడానికి నేనూ అక్కడ లేను. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన లేస్తూ, "అది కౌంటరు తప్పు సార్" అన్నాడు.

ఆ సాయంత్రం ఆర్డరు నేనే రాశాను, టైపిస్టుకు ఇవ్వకుండా. కారణాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇప్పుడు చదివినా ఒక్క వాక్యం కొట్టేయలేరు. కానీ 'శాశ్వతంగా' అని రాస్తున్నప్పుడు నా కోపం ఎవరి మీద అనేది నాకు అప్పుడు తోచలేదు. అతను రాత్రి తాగినది దిగకుండానే బస్సు తోలాడు, తెలియకుండా. నేను ఆ సంగతి చెప్పే చీటీలున్న ఫైలు మీద సంతకం పెట్టాను, చదవకుండా. ఆపిన మూణ్ణెల్లు పోను, మధ్యలో ఏడాదికి పైగా అతని చేతిలో ఆ బస్సు తిరిగింది. ఏదైనా జరిగి ఉంటే ఇద్దరిదీ అయ్యేది. శిక్ష ఒకరికే రాసే వీలు నా చేతిలో ఉంది, రాశాను.

ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చని కింద రాయాలి. రాశాను. ఆ ముప్ఫై రోజులూ టపా వచ్చినప్పుడల్లా అతని అప్పీలు ఉందేమోనని చూశాను. వస్తే పైఅధికారి నా ఆర్డరు సడలిస్తాడేమోనన్న భయం కొంత. సడలిస్తే బాగుండునన్న ఆశ కొంత. రాలేదు.

రిటైరయ్యాక, పోయినేడు, విడవలూరు అవతల మా తోడల్లుడి రొయ్యల గుంటలు చూడటానికి స్కూటర్ మీద వెళ్లాను. సముద్రం అక్కడికి దగ్గర, గట్లన్నీ ఇసుక. గుంట మధ్యలో నీళ్లు చిలికే మిషన్లు తిరుగుతున్నాయి. ఒక మనిషి ఒడ్డున కూర్చుని వల పళ్లెం పైకి లాగి, రొయ్యలు మేత తిన్నాయా లేదా అని చూస్తున్నాడు. పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. నేను గుర్తుపట్టేలోపే అతను లేచి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని నమస్కారం పెట్టాడు.

"బాగుండారా సార్?"

"అప్పీలు ఎందుకు చేసుకోలేదు?" అన్నాను. ఇన్నేళ్ల తర్వాత మనిషి కనపడితే అడగాల్సిన మొదటి మాట అదేనా అని ఇంటికొచ్చాక మా ఆవిడ తిట్టింది.

అతను నవ్వాడు. "ఏమని చేసుకుంటా సార్? ఆ యమ్మ అడిగినదానికి నా కాడ జవాబు లేదు గదా."

గట్టు మీద కూర్చున్నాం. అతనే చెప్పాడు. లైసెన్సు పోయినాక తాగుడు తగ్గలేదు, పెరిగింది. రెండేళ్లు అట్లా గడిచాయి. పని లేదు, ఇంట్లో గౌరవం లేదు. తర్వాత ఎవరో గుంటల కాడికి తీసుకొచ్చారు. రొయ్యలకు తెల్లారి గాలి అందకపోతే చచ్చిపోతాయి, మిషన్లు చూసుకునేవాడు ఒళ్లు తెలిసి ఉండాలి. నాలుగో ఏట మానేశాడు. మూడేళ్లయింది.

"మానేసినాక ఆమెకు చెప్పావా?"

"పోయినా సార్. ప్లాంటు గేటు కాడ నిలబడి చెప్పినా. మంచి పని చేసినావన్నా అనింది. ఇప్పుడు తోలే ఆయన చుక్క కూడా ముట్టడంట. ఫోను మాత్రం చెవిలో నించి తియ్యడంట. మీరు పట్టుకోండి సార్ అట్లాంటోళ్లని."

"నేను రిటైరయ్యాను."

"మళ్లా బస్సు తోలనిస్తావామ్మా నన్ను అని నవ్వులాటకి అడిగినా. చానాసేపు ఆలోచన చేసి, వద్దన్నా, నిద్ర పట్టదు అనింది." అతను నీళ్ల వైపు చూశాడు. "ఆ మాట సబబే సార్. దానికి నాకు బాధ లేదు. మీరు రాసిందే నాకు అర్థం కాలా."

"ఏది?"

"శాశ్వతంగా అని రాసినారు. తాగిన దినాలకి నన్ను ఎంతన్నా అనండి. మానేసిన దినాన, ఇదిగో సార్ మానేసినా, చూసుకోండి అని చెప్పేదానికి మీ ఆఫీసులో ఒక కిటికీ అన్నా ఉండాల గదా? నేను పోయి అడిగినా. నీ పేరు మీద ఏమీ లేదు పో అన్నారు."

ఇప్పుడు లైసెన్సు తిరిగి ఇచ్చే ముందు శిక్షణ తరగతి అంటున్నారు. మంచిదే. అది గడువు పెట్టి ఆపినవాళ్లకు. అతనికి గడువు పెట్టనివాణ్ని నేను. ఐదేళ్లు అని రాసి ఉంటే ఏమయ్యేది? ఏమో, మానేవాడే కాదేమో. ఐదేళ్లు గడవగానే కార్డు తెచ్చుకుని బస్సు ఎక్కేవాడేమో. ఆ రోజు రాసినది ఆ ముప్ఫై ఎనిమిది మందికి సరైనదే అనిపిస్తుంది. ఆ గట్టు మీద నా పక్కన కూర్చున్న మనిషికి సరైనది కాదనీ అనిపిస్తుంది. రెండూ ఒకే ఆర్డరు. ఇటువంటిది ఎట్లా రాయాలో నాకు చివరిదాకా చేత కాలేదు. మీకు తెలిస్తే నాకు చెప్పండి, నిజంగానే అడుగుతున్నాను.

పొద్దు వాలుతుంటే లేచాను. తారు రోడ్డు దాకా వస్తానని స్కూటర్ వెనక ఎక్కాడు. నాలుగు గజాలు పోగానే ముందు చక్రం ఇసుకలో కూరుకుని బండి పక్కకు వాలింది. అతను చటుక్కున కాలు ఆనించి ఆపకపోతే ఇద్దరం గుంటలో ఉండేవాళ్లం. రెండోసారి నడిపాను, మళ్లీ అంతే.

"సార్, మీరు దిగండి, నేను..." అని, అక్కడే ఆగిపోయాడు.

నేను దిగాను. "ఇది మా తోడల్లుడి గట్టు. రోడ్డు కాదు. ఇక్కడ లైసెన్సుతో పనిలేదు" అన్నాను. చట్టం అంత సులువుగా ఉండదని నాకు తెలుసు. అయినా అన్నాను.

అతను కొంతసేపు హ్యాండిల్ వైపు చూశాడు. చెప్పులు విడిచి స్కూటర్ ముందు, కాళ్లు పెట్టుకునే చోట పెట్టాడు. ఎక్కి కూర్చుని, ఇసుక ఎక్కడ మెత్తగా ఉందో ముందే తెలిసినవాడిలా, ఒక్క కుదుపు లేకుండా, గట్టు చివరి దాకా తీసుకుపోయాడు. నేను వెనక కూర్చుని, ఎప్పుడో ఒక క్షణం, కళ్లు మూసుకున్నాను.

తారు రోడ్డు ఇంకో గజం దూరం ఉందనగా ఆపాడు. దిగి, స్టాండు వేసి, చెప్పులు తీసుకుని, "ఇంక మీరు తోలండి సార్" అన్నాడు.